వేతన పరిమితి, వెనక్కి పిలిచే హక్కు: సోవియట్ అధికారం దారితప్పిన క్రమం

విప్లవాలు ఎందుకు చెడిపోతాయని వెతికేటప్పుడు చూపు ముందుగా నాయకుడి గుణగణాల మీదికి పోతుంది. రష్యా విషయంలో నెపమంతా స్టాలిన్ మీద వేయడం సులువు. ఆ వివరణ చాలదని ఈ వ్యాసం వాదన. పార్టీవారి జీతాలకు పెట్టిన పరిమితి ఎలా పుట్టి ఎలా పోయిందో గమనిస్తే, పతనానికి నాంది స్వార్థం కాదనీ, కిందివారు పైవారిని నిలదీసే హక్కు పోవడమేననీ తెలుస్తుంది.

1871లో పారిస్ కమ్యూన్ తన ఉద్యోగుల వార్షిక వేతనం 6,000 ఫ్రాంకులు మించరాదని శాసించింది. ఎన్నికైనవారిని ఓటర్లు ఎప్పుడైనా వెనక్కి పిలవవచ్చన్నది దాని రెండో నియమం. 1917లో అజ్ఞాతంలో ఉండి ‘రాజ్యం–విప్లవం’ రాసిన లెనిన్ ఈ రెండింటినీ జోడుగానే స్వీకరించాడు.

మొదటి నియమం అమలుకు చిత్తశుద్ధితోనే పూనుకున్నారు. 1917 చివర కమిసార్ల (మంత్రుల) నెల జీతం 500 రూబుళ్లుగా నిర్ణయించారు. మరుసటి ఏడు తన జీతాన్ని 800కు పెంచినందుకు లెనిన్ తన కార్యాలయ నిర్వాహకుడు బోంచ్-బ్రూయెవిచ్‌ను లిఖితపూర్వకంగా తీవ్రంగా మందలించాడు. అదే వసంతంలో నిపుణులకు హెచ్చు జీతాలివ్వక తప్పడం లేదనీ, ఇది కమ్యూన్ సూత్రం నుంచి వెనకడుగేననీ బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలును నేను చిన్న విషయంగా చూడను. తర్వాతి పాలకులలో ఆ ధైర్యమే కరువైంది.

రెండో నియమం గతి వేరు. 1921 ఫిబ్రవరి 28న క్రోన్‌స్టాట్ నౌకాదళ కోటలో ‘పెట్రోపావ్లోవ్‌స్క్’ యుద్ధనౌక నావికులు ఒక తీర్మానం చేశారు. సోవియట్లకు (శ్రామికులు ఎన్నుకునే మండళ్లకు) రహస్య బ్యాలెట్‌తో మళ్లీ ఎన్నికలు జరపాలి, కార్మికులకూ రైతులకూ వాక్స్వాతంత్ర్యం ఉండాలి, ప్రమాదకరమైన పనులు చేసేవారికి మినహా శ్రామికులందరికీ సమాన రేషన్ ఇవ్వాలి అన్నవి అందులోని కోర్కెలు. సోవియట్ల పేరుతో వచ్చిన ప్రభుత్వాన్ని సోవియట్ల ఎన్నిక అడిగారు, అంతే. జవాబుగా సైన్యం వచ్చింది. అప్పుడే మాస్కోలో పదో పార్టీ మహాసభ జరుగుతోంది. దాదాపు 300 మంది ప్రతినిధులు సభ వదిలి గడ్డకట్టిన సముద్రం మీద జరిగే దాడికి తరలివెళ్లారు. మార్చి 16న మహాసభ పార్టీలో ముఠాలను నిషేధించింది. రెండు రోజులకు కోట పడిపోయింది.

అంతర్యుద్ధం గత్యంతరం లేకుండా చేసిందన్న వాదన ఉంది. కరువు, ఆంక్షలు, విదేశీ సైన్యాల జోక్యం వాస్తవాలే. కానీ వ్రాంగెల్ నడిపిన చివరి పెద్ద శ్వేతసైన్యం 1920 నవంబరులోనే క్రిమియా వదిలిపోయింది. గొంతు నొక్కే తీర్మానం గెలిచిన తర్వాత వచ్చింది. కనుక యుద్ధం దానికి పూర్తి సంజాయిషీ కాజాలదు.

ఆపై జరిగింది నియామకాల కథ. 1922 ఏప్రిల్‌లో స్టాలిన్ ప్రధాన కార్యదర్శి అయ్యాడు. జిల్లా కార్యదర్శి పదవి కింది సభ్యుల ఓటు మీద కాక పైవారి జాబితా మీద ఆధారపడసాగింది. ‘నోమెన్‌క్లతూర’ అంటే ఆ జాబితాయే. 1928 ఆగస్టులో పార్టీలోని వామ ప్రతిపక్ష నాయకుడు రకోవ్‌స్కీ ఆస్ట్రఖాన్ ప్రవాసం నుంచి రాసిన లేఖ ఈ మార్పుకు నేను చదివిన విశ్లేషణల్లో అత్యంత సూటియైనది. కారు, మంచి ఇల్లు, సెలవులు, పార్టీ గరిష్ఠ జీతం ఉన్న కమ్యూనిస్టూ, బొగ్గుగనిలో నెలకు 50–60 రూబుళ్లు తెచ్చుకునే కమ్యూనిస్టూ ఒకే సామాజిక స్థితిలో లేరని ఆయన చూపాడు. కార్మికవర్గం ఉదాసీనంగా మారడం ఆయన్ని అంతకన్నా ఎక్కువ కలవరపెట్టింది. ఈ లేఖను జిలాస్ 1957 నాటి ‘కొత్త వర్గం’ పక్కన పెట్టి చదవాలి. ఆ పుస్తకం వెలువడేనాటికి యుగోస్లావియా మాజీ ఉపాధ్యక్షుడైన జిలాస్ సొంత పార్టీ జైల్లోనే ఉన్నాడు.

1931 జూన్‌లో స్టాలిన్ వేతన సమానత్వాన్ని దుయ్యబట్టాడు. 1932 ఫిబ్రవరిలో పార్టీ నాయకత్వం గరిష్ఠ జీతం పరిమితిని ఎత్తివేసింది. అధికారులకు ప్రత్యేక దుకాణాలు నడుస్తుండగా ఆ ఏడాది చలికాలానికి ఉక్రెయిన్ పల్లెలు ఆకలితో చచ్చిపోతున్నాయి. అప్పటికి అడిగేవారు పార్టీలో మిగల్లేదు. ఒకప్పుడు అడిగినవారినీ ఆ తర్వాత వదల్లేదు. పదో మహాసభలో ‘కార్మిక ప్రతిపక్షం’ నడిపిన ష్ల్యాప్నికోవ్‌ను 1937లో, రకోవ్‌స్కీని 1941లో కాల్చిచంపారు. నిషేధ తీర్మానం రేపు మన మీదికే తిరగవచ్చని 1921లోనే మహాసభలో చెప్పి, అయినా సమర్థించిన కార్ల్ రాడెక్‌ను 1939లో జైల్లో చంపారు.