కారంపూడి కొణతాలు

రైఫిల్‌కు ఆప్టిక్ సైట్ బిగించాక కూడా సైనికుడు మడతపెట్టే ఇనుప సైటును తీసేయడు. అద్దం మసకబారినా, బ్యాటరీ అయిపోయినా గురి తప్పకూడదు. పల్నాడులోని కారంపూడి వీరుల గుడిలో దాచుకున్న పాత ఆయుధాలైన కొణతాలకు అలాంటి అక్కర లేదు. 12వ శతాబ్దపు పల్నాటి వీరుల ఆయుధాలుగా అవి ఏటా కార్తీకంలో జరిగే తిరునాళ్లలో పూజలందుకుంటున్నాయి. ఈ ఆయుధపూజ హింసను కొలవడమేనంటారు కొందరు. కక్షలు చూసిన నేల గనక ఆ భయాన్ని కొట్టిపారేయలేం. కానీ తిరునాళ్ల అయిదు రోజుల వరస చూడండి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. యుద్ధోన్మాదమే ఉద్దేశమైతే, సంధికి వెళ్లి విషానికి బలయ్యాడని కథ చెప్పే అలరాజు రాయబారానికి ఒక రోజంతా ఎందుకు? మందపోరు నాడు పల్నాటి మంత్రి బ్రహ్మనాయుడి చాపకూడును తలచుకుని కులాలకతీతంగా ఒకే పంక్తిలో భోంచేస్తారు. కత్తికి మొక్కే ఊరే ఆ పంక్తినీ కాపాడుకొస్తోంది.