మూడు చక్రాల బండి – వెనుక ఇరుసు

గోదావరి పాయలగు గౌతమీ వసిష్ఠల నడుమ నొండ్రుమట్టితో నేర్పడిన కోనసీమలో, అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల దారులు పలుచోట్ల కాలువగట్ల వెంబడి సాగి వంతెనల యొద్ద చటుక్కున మలుపు తిరుగును. అట్టి మలుపున కొబ్బరికాయల లోడుతో పోవు బ్యాటరీ ఆటో తడబడక తిరుగుటకు కారణము, వెనుక ఇరుసు నడుమ ఇనుప గుల్లలో దాగియున్న డిఫరెన్షియల్.

మలుపున బయటి చక్రము లోపలి దానికన్న నెక్కువ దూరము నడవవలెను. చక్రముల నడుమ మీటరు ఎడమున్న బండి సమకోణముగ దిరిగినచో నా భేదము సుమారు 157 సెంటీమీటర్లు. రెండు చక్రములను ఒకే ఇరుసుకు బిగించినచో నొకటి నేలపై నీడ్వబడి, బండి ముందుచక్రము చూపిన దారిని వీడి తిన్నగా పోజూచును. ఒక్క చక్రమునకే బలమిచ్చినచో ప్రక్కకు లాగును.

ఈ చిక్కును ఫ్రెంచి గడియారముల పనివాడు ఒనేసిఫోర్ పెక్కూర్ 1827 ప్రాంతమున ఆవిరిబండి కొఱకు, రెండు చక్రములకు బలమిచ్చుచునే వానిని వేర్వేరు వేగముల తిరుగనిచ్చు పండ్లచక్రముల డిఫరెన్షియల్‌తో విడదీసెను. కాని మన కథకు మూలపురుషుడు కొవెంట్రీ నగరవాసి జేమ్స్ స్టార్లీ: 1877లో నాతడు ఈ పండ్లచక్రముల కూర్పును త్రొక్కుడు మూడుచక్రముల బండికే అమర్చెను. నాలుగేండ్లకే, 1881లో, పారిస్‌లో గుస్తావ్ ట్రూవే మూడుచక్రముల సైకిలుకు విద్యున్మోటారు తగిలించి నడిపెను. మోటారుకారు సొత్తని మనము తలచు డిఫరెన్షియల్ మూడుచక్రముల బండికి ముందే చుట్టమగుట నాకు మిక్కిలి ముచ్చట గొలుపును.

మన దేశమున 2014 నాటి నిబంధనలు మూడుచక్రముల బ్యాటరీ బండియగు ఈ-రిక్షాకు 2000 వాట్ల బలమును, గంటకు 25 కిలోమీటర్ల వేగమును హద్దుగ నిర్ణయించెను. బలము స్వల్పమే, ఐనను విద్యున్మోటారు నిలిచియున్న చోటినుండియే గట్టిగ లాగును. సామాన్యపు డిఫరెన్షియలేమో రెండు చక్రములకును సమానబలమే ఇచ్చును గనుక, వానకు నానిన గట్టుమీది బురదలో నొక చక్రము జారినచో, తారురోడ్డుపై నున్న రెండవదానికి సయితము ఆ జారుచక్రమునకు పట్టుదొరకినంత బలమే దక్కును. అది గిరగిర తిరుగును, ఇది ఊరకుండును.

ఇంకొక మాట: బోల్తాపాటును డిఫరెన్షియల్ ఆపలేదు. మలుపున బ్రేకు వేయగా బరువు ముందుకు, ముందున్న ఒంటిచక్రము వైపునకు త్రోయబడి, ఆటో బయటివైపునకు ఒరగును. వేగము మలుపునకు ముందే తగ్గింపవలెను. బురదలో దిగబడినపుడు యాక్సిలరేటరు త్రిప్పుట మాని, జారు చక్రము మీదికి నాలుగు బస్తాలు జరిపి మెల్లగ కదల్చుటయే ఉపాయము.