రైతుకి ఇన్‌కమ్ టాక్స్ ఎందుకు లేదు? ఎంతవరకు లేదు?



"రైతుకి ఇన్‌కమ్ టాక్స్ లేదు" అన్న మాట మనందరం వింటూ పెరిగాం. ఇది సర్కారు మన మీద జాలిపడి ఇచ్చిన రాయితీ అని చాలామంది అనుకుంటారు. పట్నంలో కొందరు "మీకేం, పన్ను లేదు" అని దెప్పుతారు కూడా. అసలు ఈ మినహాయింపు ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే, అది ఎక్కడిదాకా పనిచేస్తుందో కూడా తెలుస్తుంది. ఆ రెండోది తెలియకే మనవాళ్లు నోటీసు వచ్చాక ఆడిటర్ల చుట్టూ తిరగాల్సి వస్తోంది.

ముందు శిస్తు సంగతి చూద్దాం. కంపెనీ కాలంలో ఖజానాకి పెద్ద రాబడి భూమి శిస్తే. ఉత్తర సర్కారుల్లో 1802 నుంచి జమీందారీ పద్ధతి పెట్టారు. దత్తమండలాల్లో 1800 నుంచి 1807 దాకా పనిచేసిన థామస్ మన్రో, మధ్యలో జమీందారు లేకుండా రైతుతోనే లెక్క తేల్చే రైత్వారీ పద్ధతి నడిపాడు. పద్ధతి ఏదైనా చివరికి బరువు పడింది దున్నేవాడి మీదే. ఏటా జమాబందీ, కరణం లెక్క, కిస్తీల వసూలు, ఇదంతా మన తాతలు చూసిందే.

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ సర్కారు అప్పుల్లో పడింది. ఆ లోటు పూడ్చడానికి 1860లో జేమ్స్ విల్సన్ అనే ఆర్థిక సభ్యుడు మన దేశంలో మొదటిసారి ఇన్‌కమ్ టాక్స్ తెచ్చాడు. ఏడాదికి 200 రూపాయల పైన ఆదాయం ఉంటే పన్ను. గమనించండి, ఆ మొదటి చట్టంలో భూమి మీద వచ్చే ఆదాయం కూడా ఉంది! మద్రాసు గవర్నర్ చార్లెస్ ట్రెవెలియన్ ఈ పన్ను వద్దని గట్టిగా ఎదురు తిరిగాడు. తన అభ్యంతరాన్ని పత్రికలకి ఎక్కించినందుకు ఆయన పదవే పోయింది. విల్సన్ అదే ఏడాది కలకత్తాలో చనిపోయాడు. పన్ను 1865లో ఆగిపోయింది. ఆ తర్వాత మళ్లీ పెట్టారు, మళ్లీ తీసేశారు.

చివరికి 1886లో వచ్చిన చట్టం నిలబడింది. అందులోనే వ్యవసాయ ఆదాయాన్ని పక్కన పెట్టారు. కారణం జాలి కాదండీ. భూమి అప్పటికే శిస్తు కడుతోంది, దాని మీద సెస్సులు కూడా కడుతోంది. అదే పంట మీద ఇన్‌కమ్ టాక్స్ కూడా వేస్తే ఒకే ఎద్దు మీద రెండు కాడులు పెట్టినట్టు అవుతుంది. అంటే మనకి ఇచ్చిందేమీ లేదు, వేరే దారిలో ముందే తీసుకున్నారు.

1935 చట్టంతో వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాల చేతికి వెళ్లింది. మన రాజ్యాంగం కూడా దాన్ని రాష్ట్రాల జాబితాలోనే ఉంచింది. కేరళ, అస్సాం లాంటి రాష్ట్రాలు తోటల ఆదాయం మీద పన్ను వేశాయి కూడా. కేంద్రం 1961 చట్టంలో పాత మినహాయింపునే కొనసాగించింది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకి పెట్టిన కొత్త చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి గానీ ఈ మినహాయింపు పోలేదు. శిస్తు బరువు కాలంతో పోయింది నిజమే. కానీ డీజిల్‌లో, పురుగుమందులో మనం పన్ను కడుతూనే ఉన్నాం. దెప్పేవాళ్లకి ఆ మాట చెప్పండి.

ఇక అసలు విషయం. ఈ చరిత్ర మొత్తంలో మినహాయింపు ఉన్నది పంట ఆదాయానికి. రైతు అనే మనిషికి కాదు. 1957లో సుప్రీంకోర్టు కూడా బినయ్ కుమార్ సహస్ రాయ్ కేసులో ఇదే గీత గీసింది. దున్నడం, విత్తడం, నాటడం లాంటి పని భూమి మీద జరగాలి. భూమితో ఏదో సంబంధం ఉందని ప్రతిదీ వ్యవసాయం అయిపోదు.

దీన్ని మన లెక్కలోకి తెచ్చుకుందాం. పంట అమ్మిన డబ్బు, సాగు భూమికి వచ్చే కౌలు, నర్సరీలో పెంచిన మొక్కల అమ్మకం, ఇవి వ్యవసాయ ఆదాయం. పాల డెయిరీ, కోళ్ల ఫారం, రొయ్యల చెరువు, ట్రాక్టర్ బాడుగ, పక్కోళ్ల ధాన్యం కొని అమ్మితే వచ్చే లాభం, ఇవి కాదు. పంట డబ్బే బ్యాంకులో వేసినా దాని మీద వడ్డీ వ్యవసాయ ఆదాయం కాదు. అలాగని వీటి మీద వెంటనే పన్ను పడిపోదు. పరిమితి దాటితేనే పడుతుంది.

ఇంకోటి. 1972లో కె.ఎన్. రాజ్ కమిటీ చెప్పిన దాన్ని పట్టుకుని 1973లో ఒక మెలిక పెట్టారు. పంట నికర ఆదాయం 5 వేలు దాటి, అదే మనిషికి జీతమో వ్యాపారమో ఉండి ఆ ఆదాయం పరిమితి దాటితే, రెండూ కలిపి చూసి పన్ను రేటు లెక్కిస్తారు. పంట మీద పన్ను పడదు గానీ జీతం మీద పడేది పెరగొచ్చు. ఉద్యోగం చేసే పిల్లల పేరు మీద పొలం ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

పొలం అమ్మకం కూడా వేరే లెక్క. మున్సిపాలిటీలో గానీ, దాని జనాభాను బట్టి హద్దు నుంచి 2, 6, 8 కిలోమీటర్ల లోపల గానీ ఉన్న పొలం అమ్మితే లాభం మీద పన్ను రావచ్చు. బయానా తీసుకోకముందే కనుక్కోండి.

అన్నిటికన్నా ముఖ్యం కాగితం. పంట డబ్బు అని మనం నోటితో అంటే చాలదు, చూపించాలి. పాసుపుస్తకం, అడంగల్ లేదా పహాణీ, మార్కెట్ యార్డు తక్‌పట్టీ, ఎరువుల బిల్లులు, కౌలు కాగితం ఏడాదివారీగా ఒక సంచిలో పెట్టండి. పాడి, కోళ్లు ఉంటే వాటికి వేరే పుస్తకం, వీలైతే వేరే బ్యాంకు ఖాతా పెట్టుకోండి. అన్నీ కలిపేస్తే రేపు పంట డబ్బుని కూడా పంట డబ్బు అని నిరూపించుకోలేం.

అప్పట్లో లెక్కంతా కరణం చేతిలో ఉండేది, ఆయన రాసిందే వేదం. ఇప్పుడు మన లెక్క మనమే రాసుకోవచ్చు. రాసుకుందాం.