కోడిపిల్లల మేతలో ఆరియోమైసిన్

మదనపల్లె సీమలో, పెద్దమండ్యము వంటి పల్లెలలో, పాడియావుకు పొదుగువాపు వచ్చినచో పశువైద్యుడు సూదిమందు వేసి, కొన్నిదినములు ఆ పాలు వాడవలదని చెప్పును. జబ్బుకు మందు, దానిని తప్పుపట్టువారు లేరు. జబ్బులేని ప్రాణికి నిత్యము మేతలో మందు కలుపుట వేరు కథ. అది ఒక తెలుగువాడు నడిపిన పరిశోధనశాలలో మొలకెత్తుట చిత్రము.

భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు అధిపతిగా నుండగా, డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు మిస్సోరీ మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ సాధించెను. 1948లో అది లోకమునకు వెల్లడియయ్యెను. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూసిరి. ఆ యేటి చివర అదే సంస్థలో జ్యూక్స్, స్టోక్‌స్టాడ్ అనువారు, మందు తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లల మేతలో కలిపిరి. వారు వెదకినది విటమిన్ కొరకు. పిల్లలు మాత్రము అనుకొన్నదానికంటె ఏపుగా పెరిగెను. పిప్పిలో నిలిచిన మందే యందుకు హేతువని తేలెను. 1950లో ఈ వార్త వెలువడగా పెంపకందార్లు ఎగబడిరి. వారినేల నిందింపవలెను?

కాని స్వల్పమోతాదు నిత్యము తగిలినచో, లొంగిన క్రిములు చచ్చి, లొంగనివి వృద్ధిపొందును. బ్రిటన్‌లో స్వాన్ సంఘము 1969లోనే హెచ్చరించెను. పెరుగుదలకై మందు వాడుటను స్వీడన్ 1986లో, ఐరోపా సమాఖ్య 2006లో మాన్పించినవి. ఇతర మందులు విఫలమైనపుడు ఆస్పత్రులలో వైద్యులు ఆశ్రయించు కొలిస్టిన్‌ను ఆహారమునకై పెంచు పశుపక్ష్యాదులకు వాడరాదని మన ప్రభుత్వము 2019 జూలైలో ఆజ్ఞాపించెను. అంతవరకు అది కోళ్లమేతలో కలియుచునే యుండెను.