మిఠాయి పెట్టెకు పన్ను కట్టిన నాలుగేళ్లు

జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసు మొత్తంలో నన్ను విసిగించినంతా విసిగించి, చివరికి నవ్వు తెప్పించిన పన్ను ఒకటే: ఫ్రింజ్ బెనిఫిట్ ట్యాక్స్. మేం ఎఫ్‌బీటీ అనేవాళ్లం.

దానికి ముందు లెక్క వేరుగా ఉండేది. కంపెనీ ఇల్లిచ్చినా, కారిచ్చినా దానికో విలువ కట్టి, ఆ ఉద్యోగి జీతానికి కలిపి పన్ను కోసేవాళ్లం. పేరున్నచోట ఇబ్బంది లేదు. పదిమంది కూర్చుని తిన్న విందుకు, క్లబ్బు బిల్లుకు, ఆయుధపూజ నాడు పంచిన స్వీట్లకు పేర్లు ఎక్కడని వెతుకుతాం? 2005 ఫిబ్రవరి 28న బడ్జెట్ ప్రసంగంలో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం పట్టుకున్నది సరిగ్గా ఈ చిక్కునే. అందరూ కలిసి అనుభవించేదాన్ని మనిషికింతని విడదీయలేం కాబట్టి పన్నేదో యజమానే కట్టాలన్నారు. నాకది సబబుగానే తోచింది. ఇప్పటికీ ఆ మాటలో తప్పు లేదంటాను.

తప్పంతా అమలులో ఉంది. ఉద్యోగికి ముట్టిందెంత అని చూడకుండా, కంపెనీ ఏ పద్దు కింద ఎంత ఖర్చు పెట్టిందో చూసి అందులో ఇంత భాగం సౌకర్యమే అని చట్టం తేల్చేసింది. ప్రయాణాలు, హోటళ్లు, టెలిఫోన్లు, స్టాఫ్ వెల్ఫేర్ అయితే ఖర్చులో 20 శాతం. పండగలు, బహుమతులు, క్లబ్బులు అయితే 50 శాతం. ఆ విలువ మీద 30 శాతం పన్ను, పైన సర్‌చార్జి, సెస్సు. కంపెనీ నష్టాల్లో ఉన్నా కట్టాల్సిందే. సొంత పేరుతో వ్యాపారం చేసుకునే వ్యక్తులకు మాత్రం ఈ బాధ లేదు. మా గేటు ఎదురుగా వర్క్‌షాపు నడిపే ఆసామి కుర్రాళ్లకు బిర్యానీ తెప్పించినప్పుడల్లా నాకు కుళ్లుగా ఉండేది.

మొదటి ఏడాది దీపావళి వోచర్ల దగ్గరే మా ఆడిటర్ గారు నన్ను పట్టుకున్నారు.

“ఏమయ్యా, ఈ బిల్లు ఏ పద్దులో వేశావు?”

“స్టాఫ్ వెల్ఫేరండీ.”

“పండగ ముందురోజు కొన్న కాజు కత్లీ వెల్ఫేరెలా అవుతుందయ్యా? ఫెస్టివల్‌లో వెయ్యి.”

ఆ ఒక్క మాటతో వంద రూపాయల స్వీట్ల మీద పన్ను 6.73 నుంచి 16.83కి ఎగబాకింది. అదే కాజు కత్లీ, అదే పెట్టె. అప్పటి నుంచి బిల్లు రాకముందే పద్దు గురించి ఆలోచించడం అలవాటైపోయింది. పార్టీ అన్న మాట వోచర్లలోంచి మాయమై మీటింగ్ వచ్చి కూర్చుంది. ఆ ఏడాది ఆగస్టులోనే ప్రత్యక్ష పన్నుల బోర్డు వందకు పైగా ప్రశ్నలు, జవాబులతో ఒక సర్క్యులర్ ఇచ్చింది. దాన్ని బైండు చేయించి టేబుల్ సొరుగులో పెట్టుకున్నాను, నలిగి నలిగి అట్ట ఊడింది.

మందుల కంపెనీ కాబట్టి మాకు కొంత ఊరట. మెడికల్ రెప్రజెంటేటివ్‌ల తిరుగుడు, హోటల్ గదుల ఖర్చులో 20కి బదులు 5 శాతమే లెక్క. డాక్టర్లకు ఉచితంగా ఇచ్చే శాంపిల్ మందులు మొదట సేల్స్ ప్రమోషన్ కిందికి వచ్చి పన్నులో పడ్డాయి. మరుసటి ఏడాది తీసేశారు. డాక్టరు చేతికిచ్చిన మందు మా ఉద్యోగికి సౌకర్యమెలా అవుతుందో నాకు ఎవరూ చెప్పలేకపోయారు. 2008లో పండగ ఖర్చునూ 50 నుంచి 20కి దించారు. అప్పటికే పరిశ్రమలన్నీ ఎఫ్‌బీటీని తిట్టిపోస్తున్నాయి.

2009 జూలై 6న అప్పటి ఆర్థిక మంత్రి ప్రణబ్ ముఖర్జీ ఎఫ్‌బీటీని రద్దు చేశారు. మా సెక్షన్‌లో టీ తెప్పించుకున్నాం. సంబరం డిసెంబర్ దాకానే. 18న సౌకర్యాలకు విలువ కట్టే కొత్త నిబంధనలొచ్చాయి, ఏప్రిల్ 1 నుంచే అమలు అంటూ. సొంత పనులకూ వాడుకునే కంపెనీ కారు ఇంజను 1.6 లీటర్లు దాటకపోతే నెలకు 1,800, డ్రైవరుంటే ఇంకో 900 మళ్లీ ఉద్యోగి జీతానికే కలపాల్సి వచ్చింది. ఏడాది మొత్తం పన్ను జనవరి, ఫిబ్రవరి, మార్చి జీతాల్లో కోయాల్సి వచ్చింది. “ఇన్నాళ్లూ కంపెనీయే కట్టింది కదయ్యా, ఇప్పుడు నా జీతం మీద పడ్డావేం?” అని మేనేజర్లు నా మీదికొచ్చారు.

దారి లేకపోలేదు. నగదు కాని సౌకర్యాలపై పన్ను యజమాని తానే కట్టవచ్చని, అలా కట్టిన పన్నును ఉద్యోగి ఆదాయంగా చూడరని 2002లోనే చట్టంలో చేర్చారు. అదే లెక్క వేసి యాజమాన్యం ముందు పెట్టాను. కాకపోతే అలా కట్టిన పన్నును కంపెనీ ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదు. డైరెక్టర్ గారు ఆ వరుస దాకా చదివి కాగితం తిరిగిచ్చేశారు. మార్చి జీతాల్లోనూ కోత పడింది.