మాటలేని హాస్యము

హాస్యమనగా నొకనిని వెక్కిరించుటయే యని తలంచువారు మనలో పెక్కురు గలరు. నత్తివానిని, చెవిటివానిని, కుంటివానిని ముందునకు దెచ్చి నవ్వించుట మన నాటకములలోను, చలనచిత్రములలోను చిరకాలముగ సాగినది. నవ్వునకు వేఱొక మార్గము గలదని ఫ్రెంచి చిత్రముల చరిత్రము తెలుపుచున్నది.

1895 డిసెంబరు 28వ తేదీని పారిస్ నగరమున లూమియేర్ సోదరులు రుసుము గైకొని చూపిన చిత్రములలో నొకటి తోటమాలి కథ. మాలి నీరు పట్టుచుండ నొక బాలుడు గొట్టమును కాలితో త్రొక్కును, ధార యాగిపోవును. మాలి గొట్టపు మూతిలోనికి తొంగిచూచును, బాలుడు కాలెత్తును, నీరు ముఖమున చిమ్మును. ఇది చూచి నవ్వుటకు ఫ్రెంచిభాష రానక్కఱలేదు.

1905లో పాథే సంస్థ చిత్రములలో ప్రవేశించిన మాక్స్ లిండర్ పట్టుటోపి, చేతికఱ్ఱ ధరించిన పెద్దమనిషిగ నటించెను. ఆపదలలో చిక్కియు పెద్దఱికము నిలుపుకొన నతడు పడు పాట్లే నవ్వునకు మూలము. చాప్లిన్ మహాశయు డీతని తన గురువని చెప్పుకొనెను.

చిత్రములకు మాటలు వచ్చిన పిమ్మటను ఈ విద్యను నిలిపినవాడు జాక్ తాతీ (1907-1982). 1953లో నాతడు సృజించిన ఉలో దొర పొడగరి, మితభాషి, యెవరికిని కీడు తలపెట్టనివాడు. 1958 నాటి 'మా మామ' యను చిత్రమున నీతని సోదరి క్రొత్త పోకడల మేడలో నివసించును. ముంగిట లోహపు చేప యొకటి. వాకిట గంట మ్రోగగనే యామె మీట నొక్కును. చేప నోట నీరు పైకెగయును. వచ్చినవాడు తన తమ్ముడే యని తెలియగనే మరల కట్టివేయును! మేమును నవ్వితిమి, నవ్వి, అతిథులకొఱకే తీసి మరల దాచు మా యింటి గాజుపాత్రలను తలచుకొని యూరకుంటిమి.

తరువాత తాతీ పారిస్ శివారున గాజుగోడల పట్టణమునే కట్టించి, 1967లో 'ప్లేటైమ్' చిత్రమును వెలువరించెను. అందు నాయకుడు ప్రధానుడు కాడు. తెరపై నేమూల నేమి జరుగుచున్నదో ప్రేక్షకుడే వెదకికొనవలెను. వ్యయము మితిమీఱెను; రాబడి చాలలేదు. తాతీ ఋణగ్రస్తుడై తన చిత్రములపై హక్కులను గోల్పోయెను. నేడు విజ్ఞులు దాని నుత్తమచిత్రములలో నొకటిగ నెంచుచున్నారు.

చదువరులారా, పిల్లలతో గూర్చుండి యీ చిత్రములను చూడుడు. ఒరుల లోపములను గాక తన డాంబికమును చూచి నవ్వ నేర్చిన బిడ్డ, వీధిలో కుంటివానిని చూచి నవ్వడని మా నమ్మకము.