నాణేలు, నోట్లలో ముద్రణ దోషాలు, రూపభేదాలు: చరిత్ర ఆధారాలుగా పరిశీలన

లక్ష్యం
ఈ భాగం చదివిన తరువాత మీరు ముద్రణ దోషాన్ని, రూపభేదాన్ని, తరువాత జరిగిన నష్టాన్ని వేరుచేసి గుర్తించగలుగుతారు. వీటిలో ఏది చరిత్రకు ఎలా ఉపయోగపడుతుందో వివరించగలుగుతారు.

1. పరిచయం
ఒకే విలువ గల రెండు నాణేలను పక్కపక్కన పెడితే తేడా కనిపించవచ్చు. సేకరణదారులు ఆ తేడాకు ధర కడతారు. చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న వేరు: ఈ తేడా ఏ దశలో వచ్చింది? అచ్చు తయారైనప్పుడా, బిళ్ళపై ముద్ర వేసినప్పుడా, నాణెం టంకశాల దాటిన తరువాతా?

2. మూడు రకాల తేడాలు
(అ) ముద్రణ దోషం: ముద్ర వేసే సమయంలో జరిగే పొరపాటు. బిళ్ళ సరిగా కూర్చోకపోతే బొమ్మ పక్కకు జరుగుతుంది. ముందు కొట్టిన నాణెం అచ్చుకు అంటుకుపోతే, తరువాతి బిళ్ళపై ఒకవైపు బొమ్మ తిరగబడి లోతుగా పడుతుంది.
(ఆ) రూపభేదం: అచ్చులోనే ఉన్న తేడా. ఆ అచ్చుతో కొట్టిన నాణేలన్నిటిలోనూ కనిపిస్తుంది.
(ఇ) తరువాతి నష్టం: అరుగుదల, సుత్తి దెబ్బ, ఆమ్లం వల్ల వచ్చిన మార్పు. రెండు నాణేలను కోసి అతికించి, రెండు వైపులా బొమ్మే ఉన్నట్లు చేసినవి కూడా ఈ కోవలోకే వస్తాయి. దీనికి టంకశాలతో సంబంధం లేదు.

3. తేదీ చెప్పని చుక్కలు
విక్టోరియా రాణి బొమ్మతో 1862 తేదీ వేసిన వెండి రూపాయలను 1874 దాకా అదే తేదీతో ముద్రించారు. బొంబాయి టంకశాల నాణేల బొరుసు వైపు కనిపించే సన్నని చుక్కలను బట్టి అవి ఏ ఏడాదివో నాణేశాస్త్రజ్ఞులు నిర్ణయిస్తారు. ఒక పాతర బయటపడి, అందులో చివరి తేదీ 1862 అని ఉందనుకోండి. చుక్కలు చూడకుండా అది 1862లోనే పాతినదని రాస్తే పన్నెండేళ్ళ దాకా తప్పు రావచ్చు.

4. ఏనుగా, పందా?
1911లో అయిదవ జార్జి రూపాయి వెలువడింది. రాజు దుస్తుల మీది చిన్న ఏనుగు బొమ్మ తొండం పొట్టిగా ఉండి పందిలా కనిపించింది. ముస్లింలు అభ్యంతరం చెప్పడంతో ప్రభుత్వం ముద్రణ ఆపి, చాలా నాణేలను కరిగించింది. 1912 నుంచి ఏనుగును స్పష్టంగా తీర్చిదిద్దారు. బజారులో దీన్ని దోషపు నాణెం అంటారు. నిజానికి ఇది రూపభేదం, ఎందుకంటే ఆ ఏడాది రూపాయలన్నిటిలోనూ ఏనుగు అలాగే ఉంది. ఒక చిన్న బొమ్మను ప్రజలు ఎంత శ్రద్ధగా చూశారో, వలస ప్రభుత్వం దేనికి వెనక్కి తగ్గిందో ఈ నాణెం చెబుతుంది.

5. చార్మినార్ ద్వారంలో అక్షరం
హైదరాబాదు హాలీ సిక్కాపై చార్మినార్ ద్వారంలో పాలకుని పేరులోని మొదటి అక్షరం ఉంటుంది: మహబూబ్ అలీ ఖాన్‌కు ‘మీమ్’, 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్‌కు ‘ఐన్’. ఉస్మాన్ తొలి రూపాయల్లో ‘ఐన్’ పొట్టిగా, తరువాతి వాటిలో పూర్తిగా ఉంటుంది. అచ్చును మళ్ళీ చెక్కారని ఈ తేడా వల్ల తెలుస్తుంది.

6. కాగితపు నోట్లు
నోట్లలో అంకె పడకపోవడం, కోత తప్పి అదనపు కాగితం మిగలడం దోషాలు. వరుస సంఖ్యలో నక్షత్రం గుర్తు ఉండటం దోషం కాదు. ముద్రణలో చెడిన నోటు స్థానంలో చేర్చిన నోటుకు రిజర్వు బ్యాంకు 2006 నుంచి ఈ గుర్తు వాడుతోంది. 2023లో ఇవి నకిలీవనే ప్రచారం సాగినప్పుడు, చెల్లుతాయని బ్యాంకు ప్రకటించింది.

7. పరిశీలన క్రమం
ముందు తూకం వేయండి. విక్టోరియా రూపాయి ప్రామాణిక బరువు 11.66 గ్రాములు. తరువాత అంచున అతుకు ఉందేమో భూతద్దంతో చూడండి. చివరగా అదే రకం నాణేలు మరికొన్నిటితో పోల్చండి. తేడా పలు నాణేల్లో ఒకేలా ఉంటే అచ్చును అనుమానించాలి. ఒక్కదానిలోనే ఉంటే ముద్రణ దోషమో, తరువాతి నష్టమో తేల్చాలి. నాణేన్ని తోమి శుభ్రం చేయవద్దు. ఆధారమే చెరిగిపోతుంది.

8. సారాంశం
దోషం ఒక క్షణంలో యంత్రం దగ్గర జరిగినదాన్ని చెబుతుంది. రూపభేదం వెనుక ఒక సంస్థ పని, కొన్నిసార్లు దాని నిర్ణయం ఉంటాయి. అందువల్ల ధర తక్కువైన రూపభేదం కూడా చరిత్రకారుడికి విలువైనదే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
1. 1911 రూపాయిని ముద్రణ దోషంగా ఎందుకు పరిగణించకూడదు?
2. 1862 తేదీ గల రూపాయలున్న పాతర కాలాన్ని ఎలా నిర్ణయిస్తారు?